ఆనంద గజపతి ఇచ్చినవీ, అడగనివీ: నాటకానికి డబ్బిచ్చే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

ప్రభుత్వంలో సాంస్కృతిక గ్రాంటుల ఫైళ్లు చూసే అధికారులకు, నాటక పరిషత్తులు నడిపే నిర్వాహకులకు, కంపెనీల సామాజిక బాధ్యత నిధుల్లోంచి రంగస్థలానికి కాస్త తీసిపెట్టే మేనేజర్లకు, అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. మీ ఆఫీసులు వేరు కావచ్చు. మా వైపు నుంచి చూస్తే మీరంతా ఒక వరుసే. పూర్వం రాజుగారి ఆసనం వేసిన చోట ఇప్పుడు మీ సోఫాలు వేస్తున్నారు. వెటకారానికి అనడం లేదు. హైదరాబాదులో ఇవాళ ఒక కొత్త నాటకం ఎక్కించాలంటే హాలు అద్దె, లైట్లు, సెట్టు, మేకప్పు, రిహార్సల్ గది, ఆర్టిస్టుల ఆటో ఖర్చులు ఉంటాయి. ఇవన్నీ టిక్కెట్ల మీద తిరిగొస్తాయని మా వాళ్లెవరూ కలలో కూడా అనుకోరు. ఎవరో ఒకరు ఇవ్వాలి. ఇస్తున్నది మీరు. అందుకు ముందే దణ్ణం పెట్టి మొదలుపెడుతున్నాను.

గొడవ డబ్బు దగ్గర కాదు, డబ్బుతో పాటు వచ్చే కాయితం దగ్గర. "ఇతివృత్తము ఈ దిగువ అంశములలో ఏదేని ఒకదానిపై ఉండవలెను" అని అందులో ఒక వాక్యం ఉంటుంది. దిగువన పథకాల పేర్లో, సంస్థ ప్రచారం చేసే మంచి అలవాట్ల పేర్లో ఉంటాయి. నిడివి గంట దాటకూడదు. నెలన్నరలో స్క్రిప్టు చేరాలి. సందేశం స్పష్టంగా ఉండాలి.

ఆ కాయితం రిహార్సల్‌లో ఏం చేస్తుందో మీలో చాలామంది చూసి ఉండరు. చిక్కడపల్లిలో ఒక ట్యూషన్ సెంటరువాళ్లు పిల్లలు వెళ్లిపోయాక రాత్రి పూట మాకు గది ఇస్తారు. బెంచీలు గోడకు జరిపి అక్కడే చేసుకుంటాం. ఆ మధ్య ఒక నాటిక పట్టాం. బస్తీలో నీళ్ల ట్యాంకరు దగ్గర ఇద్దరు తోటికోడళ్ల మధ్య నడిచే కథ. డబ్బిస్తున్న సంస్థ నుంచి కబురొచ్చింది, ఆఖరి సీన్లో పెద్ద కోడలు తమ కార్యక్రమం గురించి నాలుగు మాటలు చెప్పాలని. మాటలు కూడా వాళ్లే రాసి పంపారు. ఆ వేషం కడుతున్నావిడ పగలంతా బట్టల షాపులో కౌంటరు దగ్గర నిలబడి వచ్చిన మనిషి. బిందె చంకన పెట్టుకునే ఆ కాయితం చదివి, "సార్, ఈ మాట ఎవరితో చెప్తున్నా? తోటికోడలితోనా, ముందు వరుసతోనా?" అనడిగింది. డైరెక్టరు ఏమీ మాట్లాడలేదు. ఆమె బిందె కింద పెట్టింది, ఎదురుగా ఉన్న గోడ వైపు తిరిగింది, స్కూల్లో ప్రతిజ్ఞ చెప్పినట్టు చెప్పేసింది. బిందె ఎందుకు కింద పెట్టావని ఎవరూ అడగలేదు. ఆ మాటలు చెప్తున్నంతసేపూ అక్కడ పెద్ద కోడలు లేదు మరి.

రాజుల కొలువుల్లో నాటకం రాసినవాళ్లకు ఈ ముందు వరుస బాగా తెలుసు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడనే పండితుడు ఉండేవాడు. ఆయన రాసిన అలంకార శాస్త్రం పేరే 'ప్రతాపరుద్రీయం'. ఏ అలంకారానికి ఉదాహరణ కావాలన్నా శ్లోకంలో రాజుగారి కీర్తే. నాటకమంటే ఏమిటో చెప్పే ప్రకరణం వచ్చేసరికి ఒకటి రెండు శ్లోకాలతో పని జరగదు కనుక, ఏకంగా ఐదంకాల నాటకమే రాసి పెట్టాడు. పేరు 'ప్రతాపరుద్ర కల్యాణం'. నాయకుడెవరో చెప్పక్కర్లేదు. శాస్త్రప్రకారం ఏ లోటూ లేదు. అలంకారాలు చదువుకునేవాళ్లు ఇప్పటికీ చదువుతారు. దాన్ని వేద్దామని మాత్రం మా నాటకాలవాళ్లలో ఎవరూ అనగా నేను వినలేదు.

అదే ఓరుగల్లు మీద 'క్రీడాభిరామం' ఉంది. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత 'ప్రేమాభిరామం' ఆధారంగా వినుకొండ వల్లభరాయుడు తెలుగు చేసిన 'వీథి' అనే రకం రూపకం. (శ్రీనాథుడే రాశాడనే వాదం ఒకటుంది, ఇక్కడ ఆ జోలికి పోను.) మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా పట్నం తిరుగుతారు, అంతే కథ. కోడిపందెం చూస్తారు. పూటకూటింట్లో, లక్ష్మణవజ్ఝల గారింట, ఒక్క రూకకు ఏమేం వడ్డిస్తారో వరసపెట్టి చెప్పుకుంటారు. రాజు రంగం మీదికి రాడు. రాజుగారి ప్రియురాలు మాచల్దేవి మాత్రం తన చిత్రశాల హడావిడిలో ఉంటుంది. కాకతీయుల నాటి జనం ఏం తిన్నారు, దేనికి నవ్వారు అని అడిగితే చరిత్రకారులు పరిగెత్తేది ఈ పుస్తకం దగ్గరికే. ఊరు ఒకటే. ఒకరు సింహాసనం వైపు తిరిగి రాశారు, ఇంకొకరు వీధి వైపు తిరిగి రాశారు.

తంజావూరులో ఇది ఇంకా ముదిరింది. విజయరాఘవ నాయకుడు తండ్రి రఘునాథుడి మీద తనే యక్షగానం రాశాడు. ఆయన కొలువులోని పసుపులేటి రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' రాస్తే అందులో నాయకుడు విజయరాఘవుడే. రంగాజమ్మ కనకాభిషేకం అందుకున్న కవయిత్రి. అంత ప్రతిభ ఉన్నావిడ కూడా పోషకుణ్నే పెళ్లికొడుకును చేసింది.

ఇంతవరకు చదివి, రాజుల సొమ్ము నాటకాన్ని పాడుచేసిందని నేనంటున్నాననుకుంటారేమో. అలా అంటే కన్యాశుల్కం నా నోరు మూయిస్తుంది.

విజయనగరం మహారాజు ఆనంద గజపతి లేకపోతే కన్యాశుల్కం మనకు తెలిసిన రూపంలో ఉండేది కాదని నా నమ్మకం. గురజాడ అప్పారావు మహారాజావారి కాలేజీలో లెక్చరరు. తర్వాత సంస్థానంలో శాసన పరిశోధకుడి పని కూడా చేశారు. జీతం ముట్టింది పాఠం చెప్పినందుకు, శాసనాలు చదివినందుకు. నాటకం రాసినందుకు కాదు. దయచేసి ఈ ఒక్క సంగతి దగ్గర ఆగండి. పోషణ అనగానే మనకు గుర్తొచ్చేది కవి పద్యం చదవడం, రాజు కంకణం తొడగడం. విజయనగరంలో జరిగింది అది కాదు. బియ్యం గింజలకు వెతుక్కోనక్కర్లేని ఒక ఉద్యోగం, పుస్తకాలు, చదువుకున్నవాళ్ల సావాసం ఆయనకు దొరికాయి. రాత ఆయన సొంత పని.

మహారాజు ఇచ్చిన ఇంకో వస్తువు గురించి మనం ఎక్కువ మాట్లాడుకోం. అదొక జాబితా. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని ఆడపిల్లలకు చేసిన పెళ్లిళ్లు మూడేళ్లలో ఎన్ని జరిగాయో ఆయన లెక్క కట్టించాడు. 1,034 తేలాయి. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరికీ నోరు రాదు కనుక ఇది పూర్తి లెక్క కాదని గురజాడే 1897 నాటి ఇంగ్లీషు పీఠికలో రాశారు. ఆ జాబితాలో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురికి పలికిన ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా ఒక్కోసారి బేరం కుదురుతుందని ఆ పీఠికలోనే ఉంది. లుబ్ధావధాన్లు ఇంట్లో నడిచే బేరసారాలు చదివి పడీపడీ నవ్వుకుంటాం కదా, ఆ నవ్వు అడుగున ఈ రిజిస్టరు ఉంది. పోషకుడు రచయితకు ఇచ్చింది ఇతివృత్తం కాదు, లెక్కలు. ఇలాంటి ఆచారాలను బయటపెట్టడం కంటే సాహిత్యానికి పెద్ద పని లేదని, జనానికి చదివే అలవాటు వచ్చేదాకా రంగస్థలమే దిక్కని, ఈ ఆలోచనలే తన చేత నాటకం రాయించాయని గురజాడ చెప్పుకున్నారు. మహారాజు రాయమన్నాడని చెప్పలేదు.

మూడోది రంగస్థలం. మహారాజు అండ ఉన్న జగన్నాథ విలాసినీ సమాజం 1892లో విజయనగరంలో దీన్ని ప్రదర్శించింది.

ఇక ఆయన అడగనివి చూడండి. పద్యాలు పెట్టమనలేదు. గ్రంథ భాషలో రాయమనలేదు. జనానికి అర్థమవుతుందనీ, తెలుగులో హాస్యానికి తగిన భాష అదేననీ గురజాడ వాడుక భాష పట్టుకుంటే, సంస్థానాధీశుడు అడ్డం రాలేదు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. రాజును కథలోకి తెమ్మనలేదు. తెర లేచేది విజయనగరంలోనే, కోటకు దగ్గర్లోని బొంకులదిబ్బ మీద. ప్రభువుల ధర్మపాలన మీద ఒక వాక్యం పడటానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. అక్కడ నిలబడి గిరీశం మాట్లాడేది దేని గురించి? పూటకూళ్లమ్మకు సామాన్లు కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకుపోయి సానిదానికి ఖర్చుపెట్టిన సంగతి. పోషకుడి ఊరు, పోషకుడి సమాజం, మొదటి మాట మాట్లాడేవాడు ఒక దొంగ సంస్కర్త. ఆ మహారాజు సంస్కరణ పక్షం మనిషి, కన్యాశుల్కాన్ని ఆపాలని మద్రాసు శాసనమండలిలో బిల్లు పెట్టినవాడు అని కూడా గుర్తుంచుకోండి. తన ఉద్యమాన్నే అమ్ముకు తినేవాణ్ని కథానాయకుడిలా నిలబెడితే కిమ్మనకుండా అంకితం పుచ్చుకున్నాడు.

అలాగని మొదటి ప్రతి మీద ఆయన నీడ పడలేదని అనను. పడింది. ఐదంకాల ఆ నాటకం చూపంతా దురాచారం మీదే ఉంటుంది. మధురవాణి అందులో చిన్న పాత్ర. 1897లో పుస్తకం అచ్చయింది, ఆ ఏడే మహారాజు పోయారు. గురజాడ ఆయన సోదరి రీవా మహారాణికి కార్యదర్శిగా చేరారు. ఎస్టేటు దావా కాయితాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, మధ్యలో అనారోగ్యం. ఆ పనుల నడుమ నాటకాన్ని తిరగరాశారు. 1909లో వచ్చిన ప్రతి ఏడంకాలు, దాదాపు కొత్త నాటకం. మనం తరతరాలుగా మాటలు అప్పజెప్పుకుంటున్నది దీన్నే.

అందులో మధురవాణి మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్లే ఘట్టం ఉంది. సౌజన్యారావు నిజంగానే మంచివాడు, వేశ్యల పొడ గిట్టని సంస్కర్త. ఎదురుగా ఉన్నది సానిది అని తెలియక ఆమె తెలివికి మురిసిపోతాడు, తెలిశాక ఇరుకున పడతాడు. చివరికి కథలో చిక్కుముళ్లు విప్పేది ఆ మంచివాడు కాదు, ఆయన ఇంట్లోకి రానివ్వకూడదనుకున్న ఆడది. నాటకం పేరు కన్యాశుల్కం, ఆఖరికి బోనులో నిలబడేది సంస్కర్తల మంచితనం. సంఘసంస్కరణకు డబ్బిచ్చే కమిటీ ఏదైనా ఈ ఘట్టం దగ్గర పెన్సిలు తీస్తుంది. సందేశం స్పష్టంగా లేదు కదా!

మొదటి ప్రదర్శనకూ ఈ ప్రతికీ మధ్య 17 ఏళ్లు. ఆ 17 ఏళ్లూ ఆయనకు విజయనగరం కుటుంబంలో ఏదో ఒక కొలువు ఉంది. ప్రదర్శనకు అయిన ఖర్చు కన్నా ఆ జీతమే కన్యాశుల్కాన్ని ఎక్కువ పోషించిందని నా లెక్క.

మన గోల్కొండ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా కోస్తావాళ్ల ముచ్చట అనుకుంటారు. ఇబ్రహీం కుతుబ్ షాను మల్కిభరాముడని తెలుగు కవులు నోరారా పిలుచుకున్నారు. మనకు దొరుకుతున్న తొలి యక్షగానాల్లో పేరున్నది 'సుగ్రీవ విజయం'. దాన్ని రాసిన కందుకూరి రుద్రకవికి ఆ సుల్తానే చింతలపాలెం అగ్రహారంగా ఇచ్చాడు. రుద్రకవి యక్షగానం ఎవరికి అంకితమిచ్చాడు? కందుకూరులో తన ఇలవేల్పు జనార్దనస్వామికి. ఊరు రాసిచ్చిన సుల్తానుకు అందులో పాత్ర లేదు. ఆఖరి సుల్తాను తానీషా కూచిపూడి భాగవతులకు ఊరు ఊరే ఇచ్చాడని చెప్పుకుంటారు. ఆ భాగవతులు ఆడింది సత్యభామ అలకలే గాని గోల్కొండ వైభవం కాదు.

కూచిపూడి భాగవతుల మీదే, తానీషా కంటే చాలా ముందు కాలానిది, మాచుపల్లి కైఫీయతులో (ఊరి సంగతులు రాసి పెట్టిన పాత దస్తరంలో) ఒక కథ ఉంది. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్లను చిత్రహింసలు పెడుతుంటే అటుగా వెళ్తూ చూశారట. హంపీ విజయనగరం వెళ్లి వీరనరసింహరాయల ముందు కేళిక కట్టి, ఒకడు గురవరాజు వేషం వేసి, ఒకడు ఆడవేషం వేసి, కళ్లారా చూసింది చూసినట్టు ఆడారట. రాయలవారు సంగతేమిటని విచారించి గురవరాజును పట్టించారు. ముందు వరుసకు వినబడేట్టు మాట్లాడటం అంటే అదీ. అక్కడ కూచున్నవాళ్లకు వాళ్ల రాజ్యంలో జరుగుతున్నదే చూపించడం.

పరాయి దేశం ముచ్చట ఒక్కటి చెప్పి వదిలేస్తాను. 1603లో జేమ్స్ ఇంగ్లండు గద్దెనెక్కగానే షేక్స్‌పియర్ ఉన్న నాటక బృందం రాజుగారి బృందమైంది. మరుసటేడు పట్నంలో ఊరేగింపు కోసం ఒక్కొక్కరికి నాలుగున్నర గజాల ఎర్రబట్ట కూడా ఇచ్చారు. తర్వాత వచ్చిన 'మాక్బెత్'లో ఆ బట్ట రంగు కనబడుతుంది. షేక్స్‌పియర్ చదువుకున్న చరిత్ర పుస్తకంలో బాంకో అనే సేనాని రాజు హత్యలో మాక్బెత్‌కు భాగస్వామి. జేమ్స్ వంశం బాంకో నుంచి వచ్చిందని ఆనాటి నమ్మకం. నాటకంలోకి వచ్చేసరికి బాంకో కడిగిన ముత్యమయ్యాడు. అయితే 1606 డిసెంబరు 26 రాత్రి అదే రాజు ముందు, ఆయన కోటలోనే, 'కింగ్ లియర్' ఆడారు. ముసలి రాజు రాజ్యం పంచి పెట్టి, గాలివానలో మతి చలించి తిరుగుతాడు. జేమ్స్ కూచుని చూశాడు. బృందం జీతాలు ఆగలేదు. పోషకుడి తాతను మంచివాణ్ని చేస్తే వచ్చింది ఒక సర్దుబాటు. ఆయన్ని పక్కన పెట్టి రాసుకుంటే వచ్చింది లియర్.

ఇక మీతో పని.

మీ ప్రకటనలో ఇతివృత్తాల జాబితా తీసేసి, ఆ స్థానంలో మీ దగ్గరున్న లెక్కల జాబితా పెట్టండి. ఏ బస్తీ నుంచి నీళ్ల మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఆగిన బాల్యవివాహాలు ఎన్ని, ఆగనివి ఎన్ని, పనిలో చచ్చిపోయినవాళ్ల నష్టపరిహారం ఫైళ్లు ఏ బల్ల మీద ఉన్నాయి. పేర్లు కొట్టేసి ఇవ్వండి చాలు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ నిండా నిజాం కాలం కాయితాలున్నాయి. నాటకం రాసేవాడికి అక్కడ ఆరు నెలలు కూచునే వీలు కల్పించండి. ఉర్దూ, ఫారసీ చదివి చెప్పే మనిషిని పక్కన కూచోబెట్టండి. ఒక సీజన్లో శాలువాలకు, మెమెంటోలకు, ఫ్లెక్సీలకు పోసే డబ్బుతో ఈ పని నడుస్తుంది.

డబ్బు ప్రదర్శన రోజుకు కాకుండా రాతకు ఇవ్వండి. నెలన్నర గడువులో వచ్చేది మీకు కావలసిన సందేశమే, నాటకం కాదు. ఏడాది పాటు నెలనెలా ఎంతో కొంత ఇస్తామంటే మా వాళ్లలో ఇద్దరు ముగ్గురు సెలవు పెట్టుకోగలరు. ఇంకొకటి, నాకు అన్నిటికన్నా కడుపుమంట పుట్టించే షరతు. "నాటకము గతములో ఎక్కడనూ ప్రదర్శింపబడనిదై ఉండవలెను." ఒకసారి వేసి, జనం ఎక్కడ నవ్వారో ఎక్కడ ఆవలించారో చూసుకుని, తిరగరాసి మళ్లీ వేద్దామంటే ఏ పద్దూ లేదు. ఈ షరతు కింద 1909 కన్యాశుల్కం స్క్రూటినీలోనే పోతుంది, మూల నాటకం 1892లోనే ఆడేశారు గనుక.

ఇది ప్రజల డబ్బు, ఊరికే ఇచ్చేయలేం, జవాబు చెప్పాలి అంటారు. నిజమే. వాటాదారులకు చెప్పాలని కంపెనీ మేనేజర్లంటారు, అదీ నిజమే. ప్రదర్శనలు ఎన్నయ్యాయి, ఎవరికి ఎంత ముట్టింది, సీట్లు ఎన్ని నిండాయి, బిల్లులు సరిగ్గా ఉన్నాయా, అన్నీ అడగండి. రూపాయి రూపాయికీ లెక్క చెప్తాం. పెద్ద కోడలు ఏం మాట్లాడాలో మాత్రం ఆ లెక్కలో రాయకండి. మీ పేరు కావాలంటే కరపత్రం మీద వేస్తాం. పుస్తకం వేస్తే అంకితం ఇస్తాం. గురజాడ ఇచ్చారు, మాకేం నామోషీ లేదు. సన్మాన సభ మాత్రం వేరే రోజు పెట్టుకోండి. ఆరున్నర నాటకానికి జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు అయ్యి ఎనిమిదింటికి తెర లేస్తే, ఆఖరి సీను సగంలో జనం మెట్రో కోసం లేచిపోతున్నారు.

వచ్చే ప్రకటన ముసాయిదా రాసేటప్పుడు రాసేవాళ్లలో ఒకర్ని, ఆడేవాళ్లలో ఒకర్ని పిలిపించండి. ఆడేవాళ్ల తరఫున ఎవరిని పంపాలో నాకు తెలుసు. బట్టల షాపులో ఆవిడకు ఆదివారం సెలవుండదు, మంగళవారం ఉంటుంది. కాబట్టి మీటింగు మంగళవారం పెట్టండి.

ఇట్లు,
హైదరాబాదు నాటకాలకు మాటలు రాసుకునే ఒకడు,
చిక్కడపల్లి